పంచకర్మ థెరపిస్టు బొటనవేలి నొప్పి, అలసట: విజయనగరం నుంచి ఒక కేస్ స్టడీ

కేసు నేపథ్యం

విజయనగరంలో రెండు చికిత్స గదులున్న చిన్న పంచకర్మ (ఆయుర్వేద చికిత్స) కేంద్రం అది. ఇద్దరు మహిళా థెరపిస్టులు, ఒక పురుష థెరపిస్టు, ఒక ఆయా పనిచేస్తారు. ఈ కేసులోని వ్యక్తి ఆ ఇద్దరు మహిళల్లో ఒకరు. వయసు 36, ఎత్తు 152 సెం.మీ., బరువు 58 కిలోలు, కుడిచేతి వాటం. తొమ్మిదేళ్లుగా ఇదే పని. నెల్లిమర్ల నుంచి ఆటోలో రోజూ వచ్చి వెళ్తారు, ఇద్దరు పిల్లలు. జీతం కొంత, దాని మీద సెషన్‌కు ఇంతని. ఈ రెండో భాగమే కేసుకు కీలకం, ఆ సంగతి తర్వాత వస్తుంది. ఆమె అనుమతితోనే రాస్తున్నాం. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాం.

డిసెంబరు మొదటి వారంలో ఆమె మా దగ్గరికి వచ్చారు. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన మూడు నెలలుగా నొప్పి. వరి కోతలు మొదలయ్యాక నడుం నొప్పులతో కేంద్రానికి వచ్చేవాళ్లు పెరగడంతో నొప్పి కూడా పెరిగింది. "నూని సీసా మూత తియ్యలేకపోతన్నాను మేడం. పిల్లకి జడేస్తుంటే సెయ్యి జారిపోతంది" అన్నారు. కుడి భుజం, మెడ బిగుసుకుపోవడం రెండో ఫిర్యాదు. మూడోది అడిగితే గాని చెప్పలేదు. రాత్రి రెండు మూడుసార్లు మెలకువ వస్తోంది, పిల్లల మీద ఊరికే విసుగు, ఆదివారం సాయంత్రం అయ్యేసరికి సోమవారం తలుచుకుని గుండె దడ. "రోజంతా అందరి వొళ్లూ నొక్కుతాను, నా వొంటికి ఎవులు నొక్కుతారు?" అని నవ్వుతూనే అన్నారు.

మా దగ్గరికి వచ్చేలోపు ఆమె చేసుకున్న సొంత వైద్యం కూడా నొప్పికి తోడైంది. రోజూ రాత్రి వేడి తైలంతో ఎడమ చేత్తో కుడి బొటనవేలి మొదలును పది నిమిషాలు గట్టిగా నొక్కుకునేవారు, పైన కిళి, అంటే వేడి మందు మూటతో కాపడం. మసాజ్ చేసేవాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది. నొప్పి ఎక్కడుంటే అక్కడ నొక్కడం చేతికి వచ్చేసి ఉంటుంది. కానీ వాచి ఉన్న టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తొడుగును ఎముక మీద వేసి రుద్దితే రాపిడి ఇంకా పెరుగుతుంది. దీనికి తోడు మందుల షాపులో కొన్న డైక్లోఫెనాక్ మాత్రలు పరగడుపున వేసుకుని కడుపులో మంట తెచ్చుకున్నారు. నొక్కుడు, మాత్రలు రెండూ మొదటిరోజే ఆపించాం.

పరీక్షలో తేలింది

నొప్పిని 0 నుంచి 10 వరకు అంకెల్లో అడిగితే పనిలో 7, ఖాళీగా ఉన్నప్పుడు 3. డైనమోమీటర్ మీద కుడి చేతి పట్టు 16 కిలోలు, ఎడమ 22. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి కుడే ఎక్కువ ఉండాలి, ఇక్కడ తిరగబడింది. తాళం తిప్పేటప్పుడు పట్టుకునే తీరులో బొటనవేలి పట్టు కుడి 3.5 కిలోలు, ఎడమ 6.

మణికట్టు పక్క ఎముక బుడిపె మీద నొక్కితే గట్టి నొప్పి. బొటనవేలిని పిడికిలి లోపల పెట్టి చేతిని చిటికెనవేలి వైపు వంచితే ఉలిక్కిపడ్డారు. ఈ పరీక్షను అందరూ ఫింకెల్‌స్టీన్ పరీక్ష అంటారు గానీ నిజానికి ఇది ఐకాఫ్ పరీక్ష. 1930లో ఫింకెల్‌స్టీన్ చెప్పినదాంట్లో పరీక్షించేవారే బొటనవేలిని పట్టుకుని లాగుతారు. పేరు సంగతి ఎలా ఉన్నా, ఐకాఫ్ పద్ధతిలో ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా కొంత నొప్పి వస్తుంది. అందుకే రెండో చేతితో పోల్చకుండా నిర్ణయానికి రాకూడదు. ఆమె ఎడమ చేతిలో నొప్పి లేదు.

బొటనవేలి మొదటి కీలును నొక్కి తిప్పే గ్రైండ్ పరీక్షలో నొప్పి రాలేదు కాబట్టి కీలు అరుగుదల అనిపించలేదు. మణికట్టు వంచి 60 సెకన్లు ఉంచే ఫేలెన్ పరీక్షలో తిమ్మిరి రాలేదు. రాత్రి మెలకువ చేతి తిమ్మిరి వల్ల కాకపోవచ్చని దీంతో అనిపించింది. మెడ కుడివైపు 60 డిగ్రీలు, ఎడమవైపు 70 డిగ్రీలు తిరుగుతోంది. నరం నొక్కుకుంటున్న లక్షణాలు లేవు. ఇలాంటి టెండన్ బాధల వెనక షుగర్, థైరాయిడ్ ఉండొచ్చు కాబట్టి డాక్టరు ఆ రెండు రక్తపరీక్షలు రాశారు, రెండూ సరిగానే వచ్చాయి. నిర్ధారణ: కుడి మణికట్టులో డీ క్వెర్వాన్ టెనోసైనోవైటిస్, అంటే బొటనవేలిని పక్కకీ పైకీ లేపే రెండు టెండన్లు ఒకే ఇరుకు తొడుగులో వెళ్లే చోట వాపు. దానితో పాటు మెడ, భుజం కండరాల అతిశ్రమ.

మానసిక ఒత్తిడిని పది ప్రశ్నల పీఎస్‌ఎస్ స్కేలుతో కొలిచాం. 40కి 25 వచ్చింది. 14 నుంచి 26 వరకు ఓ మోస్తరు ఒత్తిడి అని లెక్క, ఆమెది పైఅంచున ఉంది. కుంగుబాటు ఉందేమోనని పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి అడిగితే 27కి 9. ప్రాణం మీద విరక్తి గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా. 10 దాటినా, ఆ ప్రశ్నకు సున్నా తప్ప ఇంకేం వచ్చినా సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలని ముందే అనుకున్నాం.

పని దగ్గర చూసినది

చెయ్యి చూసి మందు రాసి పంపేస్తే ఈ కేసు నెల తిరక్కుండా వెనక్కి వస్తుంది. అందుకే కేంద్రంలో ఒక పూర్తి రోజు పని చూశాం. మగ రోగుల చికిత్స జరుగుతున్నప్పుడు గాని, రోగి వద్దన్నప్పుడు గాని గదిలోకి వెళ్లలేదు.

మొదట కొలిచింది ద్రోణి, అంటే రోగిని పడుకోబెట్టే చికిత్స బల్ల, ఎత్తు. వడ్రంగి కట్టిన చెక్క ద్రోణి నేల నుంచి 76 సెం.మీ. ఉంది. దాని మీద పడుకున్న మనిషి మందం 18, 20 సెం.మీ. ఉంటుంది. అంటే ఆమె చేతులు ఆనేది 95 సెం.మీ. దగ్గర. 152 సెం.మీ. ఎత్తున్న మనిషి మోచెయ్యి కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. చేతులు మోచేతి ఎత్తులో పని చేస్తుంటే ఒంటి బరువు రోగి మీదకి దిగే దారే లేదు. భుజాలు చెవుల దాకా లేస్తాయి, నొక్కుడంతా బొటనవేళ్లు చేయాల్సి వస్తుంది. బొటనవేలి కొసతో 1 కిలో బలం పెడితే మొదటి కీలు మీద సుమారు 12 కిలోల భారం పడుతుందని 1970ల నుంచీ తెలిసిన లెక్కే. పొడగరి థెరపిస్టుకు అదే ద్రోణి హాయిగా ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

రెండోది కిళి. పొడి మందు మూట కట్టి, పెనం మీద వేడి చేసి, ఒంటి మీద తడుతూ రుద్దుతారు. మూట బరువు 300 గ్రాములే గానీ దాని పిడి, అంటే గుడ్డ కొసలు మెలిపెట్టి దారం చుట్టిన భాగం, 2 సెం.మీ. మందం కూడా లేదు. నూనె చేతులతో అంత సన్నని పిడి జారకుండా ఉండాలంటే బొటనవేలితో బిగించి పట్టాలి. బిగించి పట్టి, మణికట్టును అటూ ఇటూ ఊపుతూ అరగంట. ఐకాఫ్ పరీక్షలో ఏ కదలిక నొప్పి తెప్పిస్తుందో అదే కదలిక వందలసార్లు జరుగుతోంది.

మూడోది అందరూ తేలిక పని అనుకునే శిరోధార, అంటే నుదుటి మీద తైలం ధారగా పోయడం. ధార పాత్రను నుదుటికి నాలుగు వేళ్ల ఎత్తులో వేలాడదీసి, చేత్తో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపాలి. అరగంట నుంచి ముప్పావుగంట. దీంట్లో బలం లేదు, కానీ చెయ్యి గాల్లోంచి దిగదు. భుజం కండరం ఆగకుండా బిగిసి ఉంటే దానికి రక్తం సరిగా అందదు. అభ్యంగంతో (ఒంటికి నూనె మర్దనతో) అలిసిపోయారని ఆమెకు "రెస్టు"గా శిరోధార ఇస్తున్నారు. మెడ నొప్పి ఎక్కువయ్యేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

నాలుగోది ఎవరూ పనిగా లెక్కపెట్టనిది: నూనె తువ్వాళ్లు. రోగి స్వేదన పెట్టెలో ఆవిరి పడుతున్న పది పదిహేను నిమిషాల్లో ఆమె వెనక పెరట్లోకి వెళ్లి తువ్వాళ్లు ఉతికి, పిండి, ఆరేస్తారు. నూనె పట్టిన తడి తువ్వాలు పిండడానికి పట్టే బలం అభ్యంగంలో ఏ నొక్కుడుకీ పట్టదు. పైగా సెషన్ల మధ్య ఉండాల్సిన ఖాళీ అంతా దానికే పోతోంది.

ఆ రోజు పని వరస ఇలా ఉంది: అభ్యంగం, అభ్యంగం, ఉద్వర్తనం (పొడి మందుతో ఒళ్లు రుద్దడం), కిళి, భోజనం పన్నెండు నిమిషాలు, అభ్యంగం, శిరోధార, కిళి. ఏడు సెషన్లు, మధ్యలో ఖాళీ లేదు. సెషన్‌కు ఇంతని డబ్బు వస్తున్నప్పుడు "తక్కువ చెయ్యమ్మా" అని చెప్పడం సలహా అనిపించుకోదు. ఆవిరి గదిలో ఏడు సెషన్లు చేసిన మనిషి ఉదయం నుంచి రెండు గ్లాసుల నీళ్లే తాగారు. ఎందుకంటే బాత్రూం రోగుల హాలు దాటి ఉంది, నూనె బట్టలతో అటు వెళ్లొద్దని మాట.

పథకం: ముందు ద్రోణి, తర్వాత చెయ్యి, ఆ తర్వాత మనసు

ఈ వరస కావాలనే పెట్టాం. ఒత్తిడి తగ్గించుకోమని థెరపిస్టులకు ఇచ్చే సలహాలు చాలావరకు ఊపిరితో, ధ్యానంతో మొదలవుతాయి. పదిహేను నిమిషాల ఖాళీ లేని మనిషికి అవి ఇంకో పని అవుతాయి, చేయలేకపోతే ఇంకో అపరాధ భావం. కాబట్టి మొదట యజమానితో కూర్చున్నాం.

నాలుగు విషయాలు ఒప్పుకున్నారు. మొదటి నాలుగు వారాలు ఆమెకు రోజుకు అయిదు సెషన్లే, కానీ సెషన్ డబ్బు ఆరింటి లెక్కన ఇస్తారు. ఆ తర్వాత గరిష్ఠం ఆరు. ప్రతి సెషన్ తర్వాత పదిహేను నిమిషాలు బుకింగ్ పుస్తకంలోనే గీత కొట్టి ఉంచాలి. బరువు పనులు, అంటే ఉద్వర్తనం, కిళి, ఒంటరి (ఒక్కరే చేసే) అభ్యంగం, వరసగా రెండుకు మించి పడకూడదు. తువ్వాళ్ల పని ఆయాకి. ఆయా చేతులూ చేతులే కాబట్టి పిండడం అనేదే ఆపాం. బకెట్ వేడి నీళ్లలో రెండు పెద్ద చెంచాల వాషింగ్ సోడా వేసి అరగంట నానబెట్టి, ఉతికి, దండెం మీద నీళ్లు కారేలా వేయడం, నెలలోపు పాత వాషింగ్ మెషీన్ ఒకటి తెచ్చి డ్రైయర్‌లో తిప్పడం. యజమాని ఎందుకు ఒప్పుకున్నారంటే, నేర్చిన మహిళా థెరపిస్టు మానేస్తే కొత్త మనిషిని తయారు చేయడానికి నెలలు పడుతుంది, ఆ లెక్క ఆయనకే బాగా తెలుసు.

ద్రోణి కాళ్లు కోయలేం, కాబట్టి నేలను పైకి తెచ్చాం. ద్రోణికి రెండు పక్కలా 15 సెం.మీ. ఎత్తు, 75 సెం.మీ. వెడల్పు, ద్రోణి పొడవంతా వచ్చే చెక్క వేదిక. వెడల్పు ఎందుకంటే, ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ పెట్టి నిలబడాలి. ఇరుకు పలక మీద కాళ్లు కలిపి నిలబడితే నడుం వంగుతుంది. పొడవెందుకంటే, మధ్యలో ఆగిపోయే పలక మీద నుంచి వెనక్కి అడుగేస్తే పడిపోతారు. మొదట చేయించినది 12 మి.మీ. ప్లైవుడ్, అడ్డబద్దీలు దూరం దూరంగా వేశారు. వారంలోనే మధ్యలో ఊగింది, నూనె పీల్చుకుని జారుడుబండ అయింది. రెండోసారి 18 మి.మీ. పలక, అడుగుకో అడ్డబద్దీ, పైన కన్నాలున్న రబ్బరు చాప, అంచుకు పసుపు టేపు వేయించాం. చాపను ప్రతి సాయంత్రం సోడా వేడినీళ్లతో కడిగి నిలబెట్టి ఆరబెట్టాలి. తడి చాప కింద చెక్క కుళ్లుతుంది. పురుష థెరపిస్టు రెండో గదిలోకి మారారు. వేదిక వేశాక రోగి ఒంటి మీద పని ఎత్తు ఆమెకు 80 సెం.మీ.కి దిగింది, చేతులు చాచి పైనుంచి బరువు వేయగలిగారు. మోకాలి నొప్పులున్న పెద్దవాళ్లకి ద్రోణి ఎక్కడమూ సులువైంది, అది అనుకోకుండా కలిసొచ్చింది.

కిళి పిడిని మందం చేశాం. కొసలు మెలిపెట్టాక పాత నూలు గుడ్డ చుట్టి 4 సెం.మీ. చేసి, అప్పుడు దారం. బొటనవేలు పక్కన ఆనితే చాలు, బిగించక్కర్లేదు. మూటను మణికట్టుతో కాకుండా మోచెయ్యి, భుజం కదిలిస్తూ తట్టాలి. శిరోధారకి నిలబడడం మానేసి 60 సెం.మీ. స్టూలు, మోచెయ్యి కింద దిండు పెట్టిన స్టాండు. అయిదు నిమిషాలకోసారి చెయ్యి మార్చాలి. ధార ఆగకుండా చెయ్యి మార్చడానికి రెండ్రోజుల సాధన పట్టింది.

ఇక చేతి పద్ధతి. ఒంట్లో ఏ భాగానికి బొటనవేలు నిజంగా కావాలో ఆమెతోనే లెక్క వేయించాం. ముఖం, చెవులు, వేళ్ల సందులు తప్ప ఎక్కడా అక్కర్లేదని ఆమే తేల్చారు. వెన్నుకు రెండు పక్కలా ముంజేతి కండ భాగంతో, మోచేతి కొస తగలకుండా. మోచేతి లోపలి అంచున నరం పైపైనే ఉంటుంది, దాని మీద బరువేస్తే చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంది. అరికాళ్లకి వదులు పిడికిలి. పిక్కలకి అరచేతి మొదలు, మోకాలి వెనక గుంటలో మాత్రం నొక్కుడు వద్దు. తప్పనిసరై బొటనవేలు వాడితే వేలు, మణికట్టు, మోచెయ్యి ఒక్క గీతలో ఉండాలి, రెండో చెయ్యి పైన ఆనాలి. వేలు వెనక్కి విల్లులా వంగిందంటే ఆ క్షణమే ఆపాలి. బలం వెనక కాలి మడమ నుంచి రావాలి. తొమ్మిదేళ్ల అలవాటు మారడం తేలిక కాదు, పని చేస్తున్న ఆమెను ఫోన్లో వీడియో తీసి వారానికోసారి చూపించాం. మాట కంటే అదే పనిచేసింది.

చికిత్స భాగం చిన్నదే. బొటనవేలిని కలిపి పట్టే స్ప్లింట్ రాత్రి, ఇంట్లో ఉన్నప్పుడు మూడు వారాలు. పనిలో వద్దన్నాం. నూనెలో నానిన స్ప్లింట్ కింద చర్మం పాచిపోతుంది, పైగా స్ప్లింట్ ఉందన్న ధీమాతో ఇంకా గట్టిగా నొక్కుతారు. పైపూతగా డాక్టరు రాసిన జెల్, రాత్రి పని అయ్యాక మాత్రమే, లేకపోతే రోగి ఒంటికి అంటుతుంది. వ్యాయామం మొదటి రెండు వారాలు కదలిక లేకుండా: బొటనవేలిని రెండో చేతి వేలికి ఎదురు నెట్టి 30 సెకన్లు పట్టడం, అయిదుసార్లు, రోజుకు రెండు పూటలు. నొప్పి 3 దాటకూడదు. మూడో వారం నుంచి వేళ్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి తెరిచి, నాలుగు సెకన్లు లెక్కపెడుతూ మెల్లగా మూయడం, పదేసి మూడుసార్లు, రోజు విడిచి రోజు. ఆరో వారం తర్వాత అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని మణికట్టును బొటనవేలి వైపు లేపి మెల్లగా దించడం. భుజానికి సాగే బ్యాండును వెనక్కి లాగడం, కాళ్లకి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, వారానికి మూడేసి రోజులు.

పదిహేను నిమిషాలు ఏం చేయాలి

ఖాళీ దొరికాక దాన్ని ఎలా వాడాలన్నది రాసిచ్చాం. లేకపోతే ఫోన్ మింగేస్తుంది. గది సర్దడం మూడు నిమిషాలు. గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి పొడిగా తుడవడం రెండు. మరీ వేడి నీళ్లు, గట్టి సబ్బు రోజుకు ఆరుసార్లు పడితే వేళ్ల సందులు పగులుతాయి. బాత్రూం, ఒక గ్లాసు నీళ్లు లేదా పల్చటి మజ్జిగ. బాత్రూంకి వెనక పెరటి తలుపు తాళం చెవి ఆమెకిచ్చారు, సమస్య అంతటితో తీరింది. ఉదయం పదకొండుకి ఇంటి నుంచి తెచ్చుకున్న చోడి అంబలి. మిగిలిన అయిదు నిమిషాలు ఊపిరి.

ఊపిరి పద్ధతి ఇది: నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం, మధ్యలో బిగబట్టకూడదు. నిమిషానికి ఆరు ఊపిర్లు పడతాయి. వదలడం పొడవైతే గుండె వేగం తగ్గుతుంది. మొదటి వారం ఆమెకు తల తిరిగింది. కారణం, పొట్ట నిండేంత గట్టిగా పీల్చడం. మామూలు ఊపిరి ఎంతో అంతే పీల్చి, వదలడం మాత్రం సాగదీయమన్నాక తగ్గింది. చికిత్స గదిలోనే కూర్చుంటే అదే తైలం వాసన, అదే వేడి, మనసు పనిలోంచి రాదు. డాబా మెట్ల మీద నీడలో కుర్చీ వేశారు.

వినడం కూడా పనే

రోగి ముప్పావుగంట పడుకుని ఉన్నప్పుడు నోరు విప్పుతారు. కోడలి గొడవ, కొడుకు తాగుడు, అప్పులు. థెరపిస్టు చేతులు ఖాళీగా లేవు, లేచి వెళ్లలేరు, వింటారు. రోజుకు ఏడుగురి కష్టాలు. ఆమె దీన్ని ఒత్తిడిగా చెప్పలేదు, "మనసు బరువు" అన్నారు. కటువుగా ఆపడం ఆమె స్వభావం కాదు. అందుకే చెప్పడానికి ఒక మాట సిద్ధం చేసుకున్నారు: "అమ్మా, ఇప్పుడు కళ్లు మూసుకుని ఊపిరి చూసుకోండి, నూనె బాగా ఇంకుతాది. అయ్యాక మాటాడుకుందుము." పది మందిలో ఎనిమిది మంది ఊరుకుంటారట, మిగిలిన ఇద్దరివి వింటారు. దెబ్బలు తిన్న గుర్తులు కనిపిస్తే మాత్రం సలహాలు ఇవ్వకుండా కేంద్రం డాక్టరుకు చెప్పి, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వాలని అనుకున్నారు.

అంతకంటే గుచ్చేది ఇంకోటి. "మసాజ్" అనగానే కొందరి నోట వచ్చే వెకిలి మాటలు. ఆమె సొంత ఫోన్ నంబరు బోర్డు మీద ఉండేది, రాత్రి తొమ్మిది తర్వాత పిచ్చి ఫోన్లు. నిద్ర పట్టకపోవడానికి సగం కారణం ఇదే. చుట్టాల్లో చాలామందికి నర్సు పని అని చెప్పుకుంటున్నారు. బోర్డు మీద కేంద్రం నంబరు పెట్టించి, ఆడవాళ్లకి ఆడవాళ్లే, మగవాళ్లకి మగవాళ్లే అని తలుపు మీద రాయించారు. వేధింపు ఎదురైతే, పదిమంది కంటే తక్కువ ఉద్యోగులున్న చోట ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి చేయొచ్చని, 2013 చట్టం ప్రకారం మామూలుగా మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలని చెప్పాం. ఆమెతో పాటు రెండో థెరపిస్టు కూడా ఆ సంగతి కాగితం మీద రాసుకున్నారు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416. 2022లో మొదలైన ఈ ఉచిత సేవలో తెలుగులో మాట్లాడొచ్చు.

ఆరో వారం వెనకడుగు

అయిదో వారానికి పనిలో నొప్పి 7 నుంచి 3కి దిగింది. ఆరో వారం మళ్లీ 6. పని పట్టిక చూస్తే తేడా లేదు, వీడియోలో చేతి తీరు బాగానే ఉంది. ఇంజక్షన్ మాట వచ్చింది. తొడుగులోకి వేసే స్టెరాయిడ్ ఇంజక్షన్ ఈ జబ్బులో బాగా పనిచేస్తుంది, దాచాల్సిన మందేం కాదు. కానీ ముందు ఇంట్లో జరిగిన వారాన్ని పూటపూటా అడిగాం. సంక్రాంతి. మూడు కుటుంబాలకి కలిపి పిండివంటలు. తడి పిండి, బెల్లం పాకం కలిపిన చలిమిడి కలియబెట్టడం, అరిసెలు వత్తి నూనె పిండడం, రెండు పూటలు జంతికల గొట్టం తిప్పడం. గొట్టం పిడి బిగించి తిప్పడం కంటే ఈ టెండన్లకి పెద్ద పరీక్ష ఉండదు. దాని మీద రాత్రి గంటసేపు ఒంటి చేత్తో ఫోన్ పట్టుకుని అదే బొటనవేలితో రీల్స్ తోయడం.

స్ప్లింట్ మళ్లీ పది రోజులు, వ్యాయామం కదలిక లేని దశకి వెనక్కి. ఫోన్‌ను దిండుకి ఆనించి చూపుడువేలితో. ఇంట్లో బట్టలు పిండేది భర్త. వచ్చే ఏడాది గొట్టం తిప్పేది కొడుకని అక్కడే తేల్చుకున్నారు. ఎనిమిదో వారానికి నొప్పి 3, ఇంజక్షన్ అవసరం పడలేదు.

ఫలితాలు, మిగిలినవి

పన్నెండో వారంలో పనిలో నొప్పి 2, ఖాళీగా 0. కుడి పట్టు 21 కిలోలు, బొటనవేలి పట్టు 5.5. ఎడమని ఇంకా దాటలేదు. మెడ రెండు వైపులా సమానంగా తిరుగుతోంది. పీఎస్‌ఎస్ 25 నుంచి 16కి, పీహెచ్‌క్యూ-9 9 నుంచి 4కి తగ్గాయి. రాత్రి నిద్ర అయిదు గంటల నుంచి ఆరున్నరకి వచ్చింది.

ఇందులో దేని వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేం. ద్రోణి, పని వరస, స్ప్లింట్, ఫోన్ నంబరు అన్నీ ఒకేసారి మారాయి. విశ్రాంతి ఇస్తే డీ క్వెర్వాన్ కొంతమందిలో దానంతటదే నెమ్మదిస్తుంది కూడా. ఊపిరి సాధనను మొదటి రెండు వారాలు, అంటే ఖాళీలు ఇంకా స్థిరపడని రోజుల్లో, ఆమె వారానికి రెండుసార్లు కూడా చేయలేకపోయారు. ఖాళీ ఖాయమయ్యాక రోజూ చేశారు. ఈ వరసను మాత్రం గట్టిగానే చెప్పగలం.

ఆరు నెలలకి మళ్లీ చూశాం. నొప్పి బరువు రోజుల్లో 2, మామూలుగా 0 లేదా 1. వేదిక, కిళి పిడి, తువ్వాళ్ల పద్ధతి నిలిచాయి. పీఎస్‌ఎస్ మాత్రం 16 నుంచి 19కి ఎక్కింది. రెండో మహిళా థెరపిస్టు పెళ్లై వెళ్లిపోయారు. ఇద్దరు కలిసి నాలుగు చేతులతో చేసే అభ్యంగం ఈమె ఒక్కరే చేస్తున్నారు, అదే ముప్పావుగంటలో. అంటే అంతే ఒళ్లు, రెట్టింపు వేగం. పదిహేను నిమిషాల ఖాళీ కొన్ని రోజులు పదికి జారుతోంది. యజమానికి రెండు దారులు చెప్పాం: కొత్త మనిషి వచ్చేదాకా ఒంటరి అభ్యంగాన్ని గంట చేసి ధర పెంచడం, లేదా దాన్ని ఒకటిన్నర సెషన్‌గా లెక్కగట్టి రోజుకు నాలుగుకు ఆపడం. మొదటిదానికి ఒప్పుకుని ధరల బోర్డు మార్చారు. సెషన్ డబ్బును దాని ప్రకారం పెంచే విషయం ఇంకా తేలలేదు, వచ్చే నెల పీఎస్‌ఎస్ చూసేటప్పుడు అదీ అడుగుతాం.